గిన్నెల మీద పేర్లు

ఒకే ఇంటిని ఆరు నెలల తేడాతో ఇద్దరు ఆఫీసర్లు చూసివచ్చి రాసిన రెండు రిపోర్టులు నా బల్లమీద పక్కపక్కనే ఉన్నాయి.

మొదటిది: "అర్జీదారు తాను నిరుపేద వితంతువునని రాసుకొన్నది. కాని ఇంట రేడియో, గోడ గడియారము, నవారు మంచము, కుట్టు మిషను, స్టీలు సామాను ఉన్నవి. వాస్తవములు దాచినందున అర్జీ తిరస్కరించవచ్చును."

రెండోది: "ఇంట ఒక చాప, రెండు మట్టికుండలు తప్ప ఏమియు లేవు. బాలికను పోషించు స్తోమత లేదు. అర్జీ తిరస్కరించవచ్చును."

కోపం నా ముక్కు మీదే ఉంటుందని మా అమ్మ ఊరంతా చెప్పుకుంటుంది. ఆ ఫైలు చూశాక అది నషాళానికంటింది. ఆరు నెలల్లో రేడియో, గడియారం, మిషను, మంచం అన్నీ మాయమైతే, ఏమయ్యాయని ఒక్కరైనా అడగాలి కదా. ఎవరూ అడగలేదు. రెండు కాగితాలనూ ఒకే గుండుసూదితో గుచ్చి పక్కన పెట్టారు.

1981 ఏప్రిల్ మాట ఇది. మదనపల్లెలో ఒక ధర్మసంస్థ నడిపే బాలికల గృహంలో అప్పుడు నేను కేసులు పరిశీలించే ఉద్యోగంలో ఉన్నాను. చేరి నాలుగు నెలలు. అరవై మంది ఆడపిల్లల్లో ఎవరిని ఇంటికి పంపొచ్చు, ఎవరిని ఉంచుకోవాలి అని ఫైళ్ళు తిరగేసి, ఇళ్ళు చూసివచ్చి, కమిటీకి రాయడం నా పని. మా నాయన మునస్వామి శాంతిపురం దగ్గర రాళ్ళు కొట్టినవాడు. మా ఇంట్లో నెల జీతం తెచ్చిన మొదటి మనిషిని నేనే. ఆ గర్వం కూడా కొంచెం ఉండేదనుకోండి.

ఆ ఫైలు సుల్తానా అనే పిల్లది. తల్లి లేదు. తండ్రి పనికని బెంగళూరు పోయి మళ్ళీ కనిపించలేదు. పుంగనూరులో అమ్మమ్మ ఖాతూన్‌బీ పెంచుకుంటూ ఉండగా, ఆమెకు టి.బి. అంటుకొని శానిటోరియంలో చేరింది. చేరేముందు పిల్లను తెచ్చి మా గృహంలో వదిలింది. ఏడాదికి జబ్బు నయమైంది. ఇక ఎవరికీ అంటదని డాక్టరు రాసిచ్చిన కాగితం కూడా ఫైల్లో ఉంది. అప్పటినుంచి నా పిల్లను నాకివ్వండని అర్జీలు పెడుతూనే ఉంది.

జూన్ ఇరవైకి సుల్తానాకు పదేళ్ళు నిండుతాయి. పదేళ్ళు నిండినవాళ్ళను కుప్పంలో ఉన్న పెద్దపిల్లల గృహానికి పంపేస్తాం. అక్కడికి చేరితే పద్దెనిమిదేళ్ళు వచ్చేదాకా ఫైలు మళ్ళీ తెరవరు. అది రూలు.

ఆ పిల్లను చూద్దామని భోజనాల వేళ వెళ్ళాను. వరండాలో నలుగురు పిల్లల మధ్య కూర్చొని చింతగింజలాట ఆడుతోంది. ముందున్న గింజలన్నీ దానివే. పక్కనే కంచం బోర్లించి ఉంది, అడుగున 27 అని గీసి ఉంది. దాని దుప్పటి మీదా 27, గౌను అంచునా 27.

"గింజలన్నీ నువ్వే గెలిచావా?" అన్నాను.

"మా నానీ తెస్తాది. ఆమె చింతపండు కొడతాది గదా, గింజలన్నీ నాకే," అంది తలెత్తకుండానే. తర్వాత తలెత్తింది. "ఈ తూరి మా ఇంటికి నువ్వు పోతాండావంట గదా. బాలప్ప చెప్పినాడు."

బాలప్ప మా ఆఫీసు అటెండరు. గృహంలో ఆయనకు తెలియని రహస్యం ఉండదు, ఆయన దాచిన రహస్యమూ ఉండదు.

"పోతున్నాను. అయితే?"

"నానీ టీ పెడతాది. ముందొచ్చినోళ్ళు వద్దనేసినారంట. నువ్వు తాగు. టీ తాగితే ఇస్తారేమో నన్ను."

ఆ పిల్ల లెక్క అది. ఏ ఆఫీసరూ టీ తాగలేదు, ఏ ఆఫీసరూ తనను పంపలేదు. తాగుతానని మాటిచ్చి వచ్చేశాను.

ముందుగా కబురు పెట్టకుండా పోవాలనుకున్నాను. బుధవారం పొద్దున్నే బస్సెక్కి పుంగనూరులో దిగి, బస్టాండు పక్కన అంగట్లో ఖాతూన్‌బీ ఉండే వీధి ఎక్కడుందని అడిగాను. అక్కడే నా తెలివి తెల్లారింది. నేను సందులు తిరిగి వీధి చేరేలోపల ఆ కబురు నాకంటే ముందు చేరిపోయింది.

వీధి మొత్తం చింతపండే. ఇంటింటి ముందూ గోనెపట్టల మీద కుప్పలు. ఆడవాళ్ళు వరసగా కూర్చొని చిన్న కట్టెతో కొట్టి, గింజ తీసి, నార లాగి, పండును గంపలో వేస్తున్నారు. ఆ పులుపు వాసనకు నోట్లో నీళ్ళు ఊరి, ఎవరితోనైనా మాట్లాడాలంటే ముందు గుటక వేయాల్సి వచ్చింది. నేను దాటిపోతుంటే అందరూ తల వంచుకొని పని చేసుకుంటున్నారు. దాటాక గుసగుసలు.

ఖాతూన్‌బీ వాకిట్లోనే నిలబడి ఉంది. సన్నటి మనిషి, తలమీద కొంగు సరిచేసుకుంటూనే ఉంది. చేతులు గబగబా కడుక్కున్నట్టుంది, మోచేతుల దగ్గర చింతపండు అంటుకొనే ఉంది.

"రాండమ్మా, రాండి. కూర్చోండి."

ఒకటే గది. నవారు మంచం, దానిమీద మడత నలగని దుప్పటి. గూట్లో స్టీలు గ్లాసులు ఆరు, ఒక బిందె, నాలుగు గిన్నెలు తళతళలాడుతున్నాయి. రేడియో లేదు. గడియారం లేదు, కానీ గోడకు దాని మేకు ఉంది.

టీ వచ్చింది. సుల్తానాకు ఇచ్చిన మాట ప్రకారం గ్లాసందుకున్నాను. ఎత్తేసరికి గ్లాసు అంచు కింద చుక్కలు చుక్కలుగా కొట్టిన అక్షరాలు కనబడ్డాయి: జి. లక్ష్మయ్య. బన్ను పెట్టిన కంచం చూశాను: రెడ్డెమ్మ, పెద్దపంజాణి. నీళ్ళ చెంబు తిప్పి చూశాను: చాంద్ బాషా, రేడియో రిపేరు.

మన ఇళ్ళలో స్టీలు సామాను కొన్నరోజే పేరు కొట్టిస్తాం కదా, పెళ్ళిళ్ళలో పేరంటాల్లో కలిసిపోకూడదని. పాపం, దాచాలనుకున్న వాళ్ళెవరికీ ఆ సంగతి తట్టలేదు.

"లక్ష్మయ్య ఎవరమ్మా మీకు?" అన్నాను.

ఖాతూన్‌బీ చేతిలో పళ్ళెం ఆగిపోయింది. "సుట్టం," అంది మెల్లగా.

"రెడ్డెమ్మ?"

"ఆమె గూడా సుట్టమే."

ఇంతలో వాకిట్లోనుంచి గట్టి గొంతు వినబడింది. "రెడ్డెమ్మ నేనేనమ్మా. ఇంక దాచి ఏం లాభంలే, పట్టుకునేసినావు గదా." అరవై ఏళ్ళ మనిషి లోపలికి వచ్చి, ఆ మంచం మీదే కూర్చుంది. అది ఆమెదేనని అప్పుడే అర్థమైంది. "నేను చెప్తాను, ఆమెను అడగొద్దు. ఆమెకు అబద్ధం చెప్పను రాదు."

రెడ్డెమ్మ చెప్పింది.

"మొదటి తూరి ఆఫీసరు వస్తాండాడని తెలిసినాక, ఇంట్లో ఏమీ లేదని పిల్లనీకుండా పోతాడేమోనని భయపడితిమి. వీధిలో ఉండేదంతా తెచ్చి ఈడ పెడితిమి. చాంద్ బాషా రేడియో తెచ్చి పాటలు గూడా పెట్టినాడు. ఆయప్ప పాట వింటా వింటానే, ఇంత పెట్టుకోని పేదరాలంటావా అని రాసుకోని పోయినాడు."

"రెండోసారి?"

"రెండో తూరి, సరే లేనట్టే ఉండాలంట అనుకుంటిమి. మా సామాను తీసుకుపోతిమి. అంతటితో ఊరుకుంటే బాగుండు. ఆమె సొంత నులక మంచం, ఆమె సొంత గిన్నెలు గూడా మా ఇంట్లో దాచేస్తిమి. ఆయమ్మ వచ్చి, ఈడ ఏమీ లేదే, పిల్ల ఏం తింటాదని రాసుకోని పోయె."

"మరి ఇప్పుడు?"

రెడ్డెమ్మ గదంతా ఒకసారి కలయజూసింది. "ఈ తూరి మధ్యరకంగా పెట్టినామమ్మా. రేడియో లేదు సూడు."

నాకు నవ్వాగలేదు. టీ పొలమారింది. ఖాతూన్‌బీ భయంగా నా వీపు తట్టింది, రెడ్డెమ్మ నెత్తి తట్టింది. వాకిట్లో అప్పటికే చేరిన వీధి జనానికి నేను నవ్వుతున్నానని తెలిసి, వాళ్ళూ మొదలుపెట్టారు. ఉద్యోగంలో చేరాక నేను అంత నవ్వడం అదే మొదటిసారి.

నవ్వు తగ్గాక, ఆ రెండు రిపోర్టుల్లో ఎవరూ అడగని మాట అడిగాను. "ఖాతూన్‌బీ, నీకు జబ్బు మళ్ళీ తిరగబెడితే పిల్లనెవరు చూస్తారు?"

ఆమె తల వంచుకుంది. రెడ్డెమ్మ మొహం మాత్రం ఎర్రబడింది.

"అది అడగమ్మా, బాగా అడుగు. పోయిన తూరి జబ్బు చేసినప్పుడు మాకు ఒక్క మాట చెప్పిందేమో అడుగు. తెల్లారేసరికి పిల్లను బస్సెక్కించేసింది. మాకు వారం దినాలకు తెలిసె. ఆ పిల్ల పుట్టినప్పుడు బొడ్డుకోసింది నేను. ఇంతింత ఇళ్ళు ఉండి, పిల్లను తీసుకుపోయి మదనపల్లెలో వదిలిపెట్టి వస్తాదా మనిషి?"

"దగ్గు జబ్బు గదా," అంది ఖాతూన్‌బీ. "ఎవురూ దగ్గరికి రానీరనుకుంటి. అడిగి, లేదనిపించుకోలేక..."

"అడగనే లేదు గదా నువ్వు."

"అడగలా," అని ఖాతూన్‌బీ ఒప్పుకుంది. కొంగుతో కళ్ళు తుడుచుకుంటే చింతపండు అంటిన చేయి తగిలి కళ్ళు ఇంకా మండాయి. రెడ్డెమ్మే లేచి, చాంద్ బాషా చెంబులో నీళ్ళు తీసుకొని ఆమె కళ్ళు కడిగింది. కడుగుతూ కూడా తిడుతూనే ఉంది.

నేను సంచిలోంచి తెల్లకాగితం తీశాను. మంచం రెడ్డెమ్మది, గ్లాసులు లక్ష్మయ్యవి, చెంబు చాంద్ బాషాది, బిందె ఇంకొకరిది అని వరసగా రాశాను. కింద ఇంకో మాట రాసి అందరికీ చదివి వినిపించాను: "ఖాతూన్‌బీకి ఒంట్లో బాగాలేనప్పుడు సుల్తానా మా ఇళ్ళలో ఉంటుంది. తిండికి, చదువుకు మేము చూసుకుంటాము." ఇష్టమైనవాళ్ళు సంతకం పెట్టొచ్చన్నాను.

సంతకం వచ్చినవాళ్ళు ముగ్గురు. తక్కినవాళ్ళకు వేలిముద్రే. తీరా చూస్తే ఇంకుప్యాడు నేను ఆఫీసులోనే మరిచిపోయి వచ్చాను. నన్ను నేను తిట్టుకుంటుంటే చాంద్ బాషా ముందుకొచ్చాడు. ముప్పై ఏళ్ళుంటాయి, చొక్కాజేబులో స్క్రూడ్రైవరు.

"ఇంకు ఎందుకమ్మా? వీళ్ళ వేళ్ళు సూడు," అన్నాడు.

నిజమే. ఒక్కొక్కరు గంపలో పండు మీద బొటనవేలు నొక్కి కాగితం మీద ఒత్తారు. గోధుమరంగు ముద్రలు గీతలతో సహా చక్కగా పడ్డాయి. కాగితం మాత్రం వేళ్ళకు అంటుకొని ఒక పట్టాన ఊడిరాలేదు. మొత్తం పదకొండు ఇళ్ళు.

ఆ కాగితం ఫైల్లో పెట్టిన మూడోరోజు బాలప్ప వచ్చి నా బల్లముందు నిలబడ్డాడు. "మేడమ్, బీరువాలో అరవై ఫైళ్ళుండాయి. చీమలు మటుకు ఇరవైయేడుకే పోతాండాయి. ఏం పెట్టినారు అందులో?"

జూన్ పంతొమ్మిదిన కుప్పంలో సమీక్ష. రాత్రి వానపడి, పెద్దపిల్లల గృహం ముందు నేలంతా తడిగా ఉంది. పదేళ్ళు నిండుతున్న ఆరుగురు పిల్లలను ట్రంకుపెట్టెలతో సహా మదనపల్లె నుంచి ఒకే వ్యానులో తెచ్చారు. కాగితం మీద తిరస్కరణ పడితే సుల్తానా ఇక అక్కడే ఉండిపోవాలి. అది వరండాలో పెట్టెమీద కూర్చొని కాళ్ళూపుతోంది. ఇంకో చివర ఖాతూన్‌బీ, రెడ్డెమ్మ. తెల్లవారుజామున బస్సెక్కి వచ్చారట. అర్జీదారులు లోపలికి రాకూడదని రూలు కాబట్టి అక్కడే కూర్చున్నారు. మనవరాలితో మాట్లాడవచ్చో లేదో తెలియక ఖాతూన్‌బీ దూరంనుంచే చూస్తోంది.

కమిటీ అధ్యక్షులు గోపాలస్వామి గారు రిటైరైన తహసీల్దారు. సంస్థ నియమాల పుస్తకం ఆయన చొక్కాజేబులోనే ఉంటుంది. మాట్లాడుతూ మాట్లాడుతూ పేజీ తిప్పి చూపిస్తారు. మంచివారే. కానీ పుస్తకంలో లేనిది ఆయనకు కనబడదు.

ఇరవైయేడో ఫైలు తెరిచి ఆయన ముక్కు ఎగబీల్చారు. "ఇదేందమ్మా ఈశ్వరమ్మా, చింతపండు వాసన?"

"వేలిముద్రలు సార్. ఇంకుప్యాడు మరిచిపోయాను."

ఆయన నా రిపోర్టు మొదటినుంచి చివరిదాకా చదివారు. ఎదురుగా గ్లాసులో నీళ్ళు రెండుసార్లు తాగారు. అది దాహానికి కాదని, ఆ పులుపు వాసనకని గదిలో అందరికీ తెలుసు.

"ముందు రెండు రిపోర్టుల్లో ఏది నిజం?"

"ఆఫీసర్లు చూసింది చూసినట్టే రాశారు సార్. సామాను వీధిది. పోతుంది, వస్తుంది. ఆమెకు అవసరమైనప్పుడల్లా అది ఆ ఇంటికే వస్తుందనేది నేను చూసివచ్చిన నిజం."

"బాగుందమ్మా. కానీ ఇది నేను ఎక్కడ రాయాలి?" ఫారం నా వైపు తిప్పారు. "తొమ్మిది గడులున్నాయి. గార్డియన్ ఆస్తి, ఆదాయం, ఇల్లు, ఆరోగ్యం... ఇరుగుపొరుగు అని గడి లేదు. గడి లేనిది కమిటీ లెక్కలోకి తీసుకోదు."

ఆ క్షణంలో నేను నోరు మూసుకొని ఉండాల్సింది. నాకది చేతకాదు.

"లేకపోతే గీసుకోవాలి సార్. ఫారం మనం అచ్చేయించిందే కదా. దేవుడిచ్చింది కాదు కదా."

బయట సుల్తానా కాళ్ళు పెట్టెకు తగిలి టకటకమని చప్పుడు వినబడుతోంది. ఉద్యోగం పోయిందనే అనుకున్నాను. మా అమ్మ మొహం కళ్ళముందు కదిలింది.

గోపాలస్వామి గారు జేబులోంచి నియమాల పుస్తకం తీశారు. నాలుగు పేజీలు తిప్పారు. మూసి మళ్ళీ జేబులో పెట్టుకున్నారు. తర్వాత బల్లమీది రూళ్ళకర్ర తీసి నా వైపు జరిపారు.

"వంకర లేకుండా గీయి," అన్నారు.

గీశాను. గీత కొంచెం వంకరే వచ్చింది. ఆయన కొత్త గడిలో తన చేత్తోనే రాసి సంతకం పెట్టారు.

వరండాలోకి వచ్చి, "సుల్తానా, మీ నానీతో ఇంటికి పో," అన్నాను.

ఆ పిల్ల ముందు పెట్టె దిగింది. పెట్టె తెరిచి దుప్పటి తీసింది, కంచం తీసింది, ఒకదానిమీద ఒకటి నేలమీద సర్దింది. "ఇరవైయేడు ఈడే పెట్టేసి పోవాల గదా?" అంది. ఒంటిమీది గౌను తప్ప, అవునన్నాను. చింతగింజల మూట మాత్రం గౌను జేబులో దోపుకుంది. అప్పుడు పరుగెత్తింది. ఖాతూన్‌బీ కూర్చున్నచోటే ఉండి రెండు చేతులూ చాచింది. ఆమెకు దగ్గు తెర వచ్చిందేమోనని భయపడి చూశాను. నవ్వుతోంది.

నేనూ వాళ్ళతోనే బస్సెక్కాను. సుల్తానా నా పక్కన కూర్చొని, "టీ తాగినావు గదా?" అంది. తాగానన్నాను. తన లెక్క సరిపోయినట్టు తలూపింది. పలమనేరు దాటేదాకా రెడ్డెమ్మ ఖాతూన్‌బీని తిడుతూనే ఉంది. "ఇంక ఎప్పుడన్నా నాకు చెప్పకుండా బస్సెక్కించు, సూస్తా." ఖాతూన్‌బీ ప్రతి తిట్టుకూ సరేనంటోంది.

సాయంత్రానికి పుంగనూరు చేరేసరికి ఇంట్లో మంచం అలాగే ఉంది, బిందె ఉంది, గ్లాసులున్నాయి, రేడియో కూడా వచ్చేసింది, పాట వస్తోంది. ఆఫీసరెవరూ రాలేదు కదా, ఇదంతా ఎందుకని అడిగాను.

"ఆఫీసరుకు కాదమ్మా," అన్నాడు చాంద్ బాషా. "పిల్ల వస్తాండాది గదా."

ఆయనే ఒక కొత్త స్టీలు కంచం తెచ్చి సుల్తానా చేతిలో పెట్టాడు. పదకొండు ఇళ్ళవాళ్ళూ కలిసి కొన్నారట. పేరు ఆయన సొంతంగా కొట్టినట్టున్నాడు, అక్షరాలు ఒకవైపుకు ఒరిగి ఉన్నాయి. సుల్తానా ముందు కంచాన్ని తిరగేసి అడుగు చూసింది.

"నంబరు లేదే?"

"నీకు నంబరెందుకు? ఉండేది ఒక్క సుల్తానానే గదా ఈడ."

అప్పుడు కంచం వెల్లకిలా తిప్పి, అంచుమీది అక్షరాలను వేలితో ఒక్కొక్కటే తడిమి చదువుకుంది. రెడ్డెమ్మ అందులో వేడివేడి సంగటిముద్ద వేసింది.

మరుసటి ఏడు సంస్థ కొత్త ఫారాలు అచ్చేయించింది. పదో గడికి పేరు రాసివ్వమని గోపాలస్వామి గారు నాకే చెప్పారు. "ఇంట్లో ఎవరెవరి గిన్నెలున్నవి?" అని రాసిచ్చాను. ఆయన కొట్టేసి "ఇరుగుపొరుగు తోడ్పాటు" అని మార్చారు. నియమాల పుస్తకంలో దానికొక పేజీ కూడా పెట్టారు. పదో గడి వచ్చాక మొదటి సంవత్సరమే పద్నాలుగు మంది పిల్లలు ఇళ్ళకు పోయారు. మా పెద్దహాల్లో చాపలు మిగిలిపోయి, బాలప్ప వాటిని చుట్టి అటకమీద పెట్టాడు.

1984 ఎండాకాలం. అదే పుంగనూరు, వేరే వీధి. బషీరా అనే పిల్లను మేనత్త పెంచుకుంటానంటే ఇల్లు చూడడానికి వెళ్ళాను. ఒకటే గది. మంచం మీద మడత నలగని దుప్పటి. గూట్లో తళతళలాడే గ్లాసులు. చూడగానే అర్థమైపోయి, పెదవి బిగబట్టుకొని కూర్చున్నాను. ఆమె టీ తెచ్చింది. కంచంలో బన్ను పెట్టి ముందుకు జరిపింది.

కంచం అంచున అక్షరాలు ఒకవైపుకు ఒరిగి ఉన్నాయి.

"సుల్తానా ఎవరమ్మా మీకు?" అన్నాను.

"మాకు సుట్టం," అందామె, ఏమాత్రం తడుముకోకుండా.

బన్ను తిని, టీ తాగి, ఫారం తెరిచి పదో గడిలో మొదటి పేరు రాసుకున్నాను.